నా ఫోనులో నవ్విన పళ్ళు

ఆ రోజుల్లో ఒక సంగతి నలుగురికీ తెలియకూడదంటే వీధి కుళాయి దగ్గర నోరు మూసుకుంటే సరిపోయేది. బిందె నిండేదాకా ఓపిక పట్టి వచ్చేస్తే, మన గుట్టు మనతోపాటే ఇంటికి వచ్చేది. ఇప్పుడు నోరు విప్పకపోయినా సంగతి ఊరు దాటుతుంది. అది ఎలా దాటుతుందో, దాన్ని ఆపడానికి నేనెన్ని తిప్పలు పడ్డానో చెబుతాను. ఇది నా యవ్వనంలో జరిగింది. (నవ్వకండి. నాకు అక్షరాలు వచ్చింది నలభై దాటాక. చదవడం రాని ఏళ్ళని నేను వయసులో కలుపుకోను. ఆ లెక్కన నెరిసిన జుట్టుతో ఫోను కొనుక్కునేనాటికి నాకు సరిగ్గా పెళ్ళీడు.)

అక్షరాలు రాకముందు నా సంతకమంతా నా బొటనవేలే. బందరులో అద్దకం పని చేసేదాన్ని. గుడ్డ మీద అచ్చులు వేసీ వేసీ ఆ వేలికి ఎప్పుడూ ఎర్రరంగు పట్టి ఉండేది. ఎవరైనా కాగితం చాపి వేలు అద్దమంటే అద్దేదాన్ని. అందులో ఏముందో చాపినవాళ్ళకే తెలియాలి. మా చర్చిలో పెద్దవాళ్ళకి సాయంత్రం బడి పెట్టినప్పుడు, ఇక చదవకుండా ఎక్కడా వేలు వేయకూడదని గట్టిగా అనుకుని పలక పట్టాను. చదువు వచ్చాక పట్టుబట్టి సాధించుకున్నది ఒకటే, ఆరాధనలో లేచి నిలబడి బైబిలు వాక్యం చదవడం. అప్పటిదాకా ఆ పని మా వదినగారిది. ఆవిడ మా ఆయన అక్క. చిన్నప్పుడే బడికి వెళ్ళిన మనిషి, నవ్వినా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వేది. (చదువుకున్నవాళ్ళ నవ్వు అలా ఉంటుంది కాబోలు అనుకుని నేను కూడా కొన్నాళ్ళు అలా నవ్వి చూశాను. మా ఆయన పంటి నొప్పా అని అడిగాడు.) నేను వచ్చాక ఇద్దరికీ వంతులు పడ్డాయి. నేను చదువుతుంటే ఆవిడ ముందు బల్ల మీద కూర్చుని, ఉన్నట్టుండి తల పక్కకి తిప్పి దగ్గేది. నా తడబాటుకే ఆ దగ్గు అని నాకు గట్టి నమ్మకం.

అలాంటి మనిషి ఎదురుగా నా పై పళ్ళు కదలడం మొదలుపెట్టాయి. ‘స’ అనబోతే ఈల వచ్చేది. ఈస్టరుకి ముందొచ్చే మట్టల ఆదివారం వాక్యం నా వంతు. పళ్ళ సంగతి వదినగారికి తెలిసిందో, ‘పాపం, ఆవిణ్ణి ఇబ్బంది పెట్టడమెందుకు’ అని నా వంతు కూడా ఆవిడే లాగేసుకుంటుంది. బందరులో డాక్టరు దగ్గరికి వెళ్దామంటే అక్కడి కాంపౌండరు మా చర్చి సంఘంవాడే. అందుకని ఎవరినీ అడగకుండా ఫోనులోనే తేల్చుకోవాలనుకున్నాను. చదివేటప్పుడు చప్పుడు చేయని పళ్ళ సెట్టు ఏది, అది పెట్టే డాక్టరు గుడివాడలో ఉన్నాడా, నాకు కావలసింది అంతే.

ఆ ఫోను గురించి ఒక ముక్క చెప్పాలి. నేనూ వదినగారూ బస్టాండు దగ్గర ఒకే కొట్లో, ఒకే రోజున కొన్నాం. కొట్టతను ఈమెయిలు ఖాతా ఒకటి తెరిచి రెండు ఫోన్లలోనూ అదే పెట్టి ఇచ్చాడు. ఇంటికొక రేషను కార్డున్నట్టు, ఒక కుటుంబానికి ఒక ఖాతా చాలన్నాడు. మాకూ సబబుగానే తోచింది. ఆ తరవాత నా ఫోనులో మోకాళ్ళ నొప్పుల నూనెలు వరసగా కనబడుతుంటే, నా వయసు చూసి ఫోను ముందుజాగ్రత్త చెబుతోందనుకున్నాను.

సరే, ఒక మధ్యాహ్నం తలుపు వేసుకుని, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ ‘కట్టుడు పళ్ళు’ అని కొట్టి వెతికాను. ఏ పేజీ తెరిచినా అడుగున ఒక పెట్టె. దాని నిండా చీమ తలకాయలంత అక్షరాలు, కింద పెద్ద రంగు బొత్తాం మీద ‘అన్నిటికీ అంగీకరిస్తున్నాను’. ఇంకోటి నోటిఫికేషన్లు పంపమంటారా అంది, ఇంకోటి మీరెక్కడున్నారో చూడమంటారా అంది. అంత మర్యాదగా అడుగుతుంటే కాదంటామా? అన్నిటి మీదా బొటనవేలు పెట్టాను. ఆ క్షణంలో నా పలకా, నా సాయంత్రం బడీ నాకు గుర్తు రాలేదు.

మర్నాటి నుంచి పళ్ళు నా వెంటపడ్డాయి. వాన పడుతుందా అని చూస్తే పేజీ పక్కన పళ్ళు. గోంగూర పచ్చడికి కొలత చూస్తే పచ్చడి పైన పళ్ళు. కీర్తన తెరిస్తే రెండో చరణం కింద ఎవరో తెల్లటి పళ్ళు ముప్పైరెండూ చూపించి నవ్వుతున్నారు. స్త్రీల సమాజంలో పాట చూసుకుంటానని ఎవరైనా నా ఫోను తీసుకుంటే నా గతేమిటి?

తిన్నగా టైపు పంతులుగారింటికి వెళ్ళాను. ఆయన మా వీధిలోనే ఉంటారు. ఒకప్పుడు గుడివాడలో టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపిన మనిషి. ఏం వెతికానో ఆయనకి చెప్పలేదు, ఆయన అడగనూ లేదు. ఏదో ఒక సరుకు నా వెంట తిరుగుతోందని మాత్రం అన్నాను.

“మీరు ఒక కొట్లోకి వెళ్ళారు చెల్లెమ్మా. బయటికొచ్చేటప్పుడు మీ కొంగుకి మీకు తెలీకుండా ఒక చీటీ కట్టారు. దాన్నే కుకీ అంటారు. తరవాత మీరు ఏ కొట్టు మెట్టెక్కినా ఆ చీటీ చూసి, ఓహో ఈవిడకి ఫలానాది కావాలి అనుకుంటారు.”

“ఆ చీటీలు కట్టనివ్వకుండా ఏం చెయ్యాలండీ అన్నయ్యగారూ?”

“చాలా ఉంది. ఓపికుందా మీకు?”

నలభై దాటాక గుణింతాలు దిద్దినదాన్ని ఓపికుందా అని అడగడమేమిటి? ఆ వారమంతా అద్దాలు పెట్టుకుని, సెట్టింగుల పేజీని వాక్యం చదివినట్టే వరస కింద వేలు పెట్టి పైకి చదివాను. (ఆ తెలుగు ఎవరు రాశారో గాని, ‘మూడవ పక్షం’ అంటే ఎన్నికల సంగతి అనుకున్నాను. మనం తెరిచిన పేజీవాడు కాకుండా ఆ పేజీలో దూరి కూర్చున్న ఇంకొకడట.) ఆ మూడోవాడి కుకీలు ఆపేశాను. అంతకు ముందు ఇచ్చిన అనుమతులన్నీ ఒక్కొక్కటే వెనక్కి తీసుకున్నాను. ‘అజ్ఞాత’ కిటికీ చూసి సంబరపడబోతే పంతులుగారు పడనివ్వలేదు. మీరు ఎక్కడికెళ్ళారో మీ ఫోను మర్చిపోతుంది గాని, వెళ్ళిన చోటివాళ్ళు మర్చిపోరు అన్నారు. వెంటపడేవాళ్ళని మొదటినుంచే ఆపే బ్రౌజర్లు రెండు చూపించారు. అందులో ఒకటి మరీ కట్టుదిట్టం, కరెంటు బిల్లు పేజీని కూడా గుమ్మంలోకి రానివ్వలేదు. నాకు అదే నచ్చింది. బిల్లుకి మాత్రం పాత బ్రౌజరు ఉంచుకుని, మిగతా అన్నిటికీ కొత్తదాన్ని పెట్టుకున్నాను. నా ఫోనులో పళ్ళు మాయమయ్యాయి. గెలిచాననుకున్నాను.

మట్టల ఆదివారం ఇంకా వారం ఉందనగా వదినగారు మా ఇంటికి వచ్చింది. వచ్చీ రాగానే వీధి తలుపు తనే దగ్గరగా వేసింది.

“ఏమ్మాయ్, నిజం చెప్పు. నా సంగతి నీ చెవిన పడిందా?”

“ఏ సంగతండీ వదినగారూ?”

ఆవిడ తన ఫోను నా ఒళ్ళో పెట్టింది. అందులో పళ్ళు నవ్వుతున్నాయి.

“పది రోజుల్నించీ ఇవే. ఏది తెరిచినా ఇవే. నావి కట్టుడు పళ్ళని మా తమ్ముడిక్కూడా తెలీదు. ఈ ఫోనుకెలా తెలిసింది? రేపు సంఘంలో మొహమెలా చూపించను?”

ఊరుకుంటే నా గుట్టు చెక్కుచెదరదు. ఆవిడ తన పరువే పోయిందనుకుని మట్టల ఆదివారం చర్చికే రాదు, నా వంతుకి అడ్డే లేదు. కానీ ఆవిడ కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నాయి. పరువు పోతుందన్న ఆ భయం నాకు కొత్తది కాదు, వారంపైగా నేను పడుకుని లేచింది దాంతోనే.

“అవి మీవి కావండీ వదినగారూ. నావి” అన్నాను. ఒకే ఖాతా కాబట్టి నేను వెతికినదానికి ఆవిడ ఫోను కూడా నవ్వుతోందని చెప్పాను. (చెబుతుండగా మోకాళ్ళ నూనెలు ఎవరివో కూడా నాకు తెలిసింది.)

ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. తరవాత నవ్వడం మొదలుపెట్టింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోబోయి, మానేసింది. మా పెళ్ళయినప్పటి నుంచీ ఆవిడ నవ్వు పూర్తిగా చూడటం నాకదే మొదలు. ఇన్నేళ్ళూ దగ్గింది నా చదువుకి కాదట. పై సెట్టు జారినప్పుడల్లా తల తిప్పి, దగ్గు చాటున సర్దుకునేదట. గుడివాడలో తన డాక్టరు గుర్తులు కూడా ఆవిడే చెప్పింది. ఆ సాయంత్రమే ఇద్దరం పంతులుగారింటికి వెళ్ళి ఖాతాలు వేరు చేయించుకున్నాం. రెండు కాపురాలు విడదీసినంత పని పట్టింది.

మట్టల ఆదివారం, గుడివాడ డాక్టరు హడావిడిగా పెట్టిన కొత్త పళ్ళతో లేచి నిలబడ్డాను. సగం చదివానో లేదో పై సెట్టు జారింది. నోరు విప్పితే పళ్ళు పుస్తకంలో పడేటట్టున్నాయి. అప్పుడు ముందు బల్ల మీదనుంచి దగ్గు వినిపించింది. పాస్టరుగారు కూడా తిరిగి చూసేంత దగ్గు. అందరూ అటు చూస్తుండగా నేను సర్దుకుని, ఈల లేకుండా చివరిదాకా చదివాను.

అదంతా అయిపోయి చాలా రోజులైంది. ఇప్పటికీ ఏ పేజీ తెరిచినా అడుగున ఆ పెట్టె వస్తూనే ఉంటుంది. ‘అంగీకరిస్తున్నాను’ అని పెద్ద బొత్తాం, పక్కన కనబడీ కనబడనట్టు ‘తిరస్కరిస్తున్నాను’. ఆ చిన్న అక్షరాలు చదివినప్పుడల్లా పలక పట్టుకుని సాయంత్రం బడికి సిగ్గుపడుతూ వెళ్ళిన ఆ నలభై దాటిన పిల్ల గుర్తొచ్చి నవ్వొస్తుంది. చూపుడు వేలితో నొక్కితే సుళువని పంతులుగారు ఇప్పటికీ చెబుతుంటారు. నేను బొటనవేలితోనే నొక్కుతాను. అన్నేళ్ళు అన్నిటికీ ఒప్పుకుంటూ వచ్చిన వేలు అది, కాదనడం ఎలా ఉంటుందో దానికీ తెలియాలి కదా.