పొట్టేలు చెవుల్లో ఉన్ని

మీరెవరో నాకు తెలియదు. అందుకే ధైర్యం వచ్చింది. తెలిసినవాళ్లలో ఒక్కరికీ చెప్పుకోలేక ఈ మాటను పావడాల వయసు నుంచి ఈ ముసలితనం దాకా మోశాను. మోయగా మోయగా అలవాటైందనుకున్నాను. కాలేదు. ఇంట్లో ఎవరు మా అక్క పేరెత్తినా ఒక్కచోట కూర్చోలేను. లేచి, లేని పని వెతుక్కుంటాను.

మాది చిట్యాల దగ్గర ఒక ఊరు. గొర్రెల మందే మా బతుకు. అరవైల మొదట్లో అక్క సత్తెమ్మ, నేను నల్గొండలో మేనత్త ఇంట్లో ఉండి హైస్కూలు చదివేవాళ్లం. బడి పండుగకు పిల్లల చేత ఆడించడానికి ఒక టీచరమ్మ వచ్చింది. అక్కను చూసిన రోజు నుంచి ఆమె ఇంకెవరినీ చూడలేదు. పైసా తీసుకోకుండా నాట్యం నేర్పింది. పట్నంలో నాట్యం కాలేజీ ఉందనీ, హైస్కూలు అయ్యాక మొదలుపెడితే ఒళ్లు వంగదనీ, ఇప్పటినుంచే తయారుకమ్మనీ చెప్పింది. నేనూ పక్కనే నిలబడి అడుగులు వేశాను. ఆమె నావైపు చూసి, "నువ్వు తాళం వెయ్యమ్మా, చాలు" అంది.

చాలు అంది. ఎంత చిన్నమాట!

అక్క అంతా ముందే అనుకుని పెట్టుకుంది. కాలేజీ, తర్వాత పెద్ద పెద్ద ఊళ్లలో ప్రదర్శనలు, ఆ తర్వాత నల్గొండలోనే ఆడపిల్లలకు సొంతంగా ఒక నాట్యం బడి. సెలవులకు ఊరికొస్తే మంద మేతకు వెళ్లగానే ఖాళీ దొడ్డి ఊడ్చుకుని ఆడేది. నేను గోడ మీద కూర్చుని తాళం వేసేదాన్ని. ఆడుతున్నంతసేపూ ఆమె ముఖం చూడలేకపోయేదాన్ని. అంత వెలుగు.

కాలేజీ మాట నాయినకు చెప్పినప్పుడు ఇల్లంతా గొడవ. అవ్వ నెత్తి కొట్టుకుంది. చివరికి నాయిన అన్నాడు, "ఎల్లమ్మ తల్లి ఒప్పుకుంటే పంపుత. కానీ ఇద్దరి సదువు నాతోని కాదు. పెద్దది పట్నం పోతే చిన్నది మంద కాడికి రావాలె."

మా ఇళ్లలో తల్లిని అడగడమంటే పొట్టేలును అడగడమే. పొట్టేలును గుడి ముందు నిలబెట్టి, పసుపు నీళ్లు వేపమండతో దాని తల మీదా వీపు మీదా చల్లుతారు. ఒళ్లు దులుపుకుందా, తల్లి ఒప్పుకున్నట్టు, దాన్ని అక్కడే బలిస్తారు. దులుపుకోలేదా, వద్దన్నట్టు. ఒకసారి వద్దన్నాక మళ్లీ అడగకూడదు.

మందతో తిరిగినదాన్ని, నాకు ఇంకొకటి కూడా తెలుసు. వీపు తడిసినంత మాత్రాన గొర్రె పెద్దగా పట్టించుకోదు. చెవిలోకి నీటిచుక్క పోతేనే ఆగలేక ఒళ్లంతా దులుపుకుంటుంది.

పొద్దున్నే పొట్టేలును కడిగే పని నాకే అప్పజెప్పారు. బావి దగ్గర తలదాకా నీళ్లు పోశాను. దులుపుకోవలసినంతా అక్కడే దులుపుకోనిచ్చాను. దాని ఉన్నే కాస్త తెంపి, ఆముదంలో ముంచి, రెండు చెవుల్లోనూ లోపలికంటా పెట్టాను. చేతులు వణకలేదు. అదే నన్ను ఇప్పటికీ భయపెడుతుంది.

గుడి దగ్గర నాయిన నీళ్లు చల్లాడు. పొట్టేలు కదలలేదు. మళ్లీ చల్లాడు. చెంబంతా కుమ్మరించాడు. అది నిమ్మళంగా నెమరు వేస్తోంది. అక్క రెండు చేతులూ జోడించి దాన్నే చూస్తోంది. పెదవులు కదులుతున్నాయి, జర దులుపుకో అని బతిమాలుతున్నట్టు. పెద్దమనుషులు లేచి వెళ్లిపోయారు. పొట్టేలు ప్రాణాలతో మందలోకి వచ్చింది.

సాయంత్రం దొడ్డిలో దాని చెవుల్లోంచి ఉన్ని తీస్తుండగా వెనకాల అక్క అడుగుల చప్పుడు. పిడికిలి బిగించాను.

"చెల్లే, పొద్దుగాల నువ్వే గదా దీన్ని కడిగింది. జర యాది చేసుకో. దీనికి సుస్తి గిట్ల ఏమన్న ఉండెనా?"

"లేదక్కా. మంచిగనే ఉండె."

"నిజంగ?"

"ఎల్లమ్మ మీద ఒట్టు."

అక్క చాలాసేపు పొట్టేలు వీపు నిమురుతూ నిలబడింది. "అయితె తల్లికే నా ఆట ఇష్టం లేదన్నట్టు," అంది. ఏడవలేదు. నా పిడికిట్లో ఆముదం జిడ్డు వేళ్ల సందుల్లోంచి కారుతోంది.

పొద్దున చేసింది పిల్లచేష్ట అనుకోవచ్చు. ఈ ఒట్టుకు ఏమని పేరు పెట్టను? అప్పుడు చెయ్యి తెరిచి చూపిస్తే సరిపోయేది. నాయిన తోలు తీసేవాడు, అంతేగా! ఆ అడగడం చెల్లదని మళ్లీ అడిగేవాళ్లు. అక్క పోయేది. చదువు పోతుందని భయపడ్డాను అని చాలా ఏళ్లు నాకు నేనే చెప్పుకున్నాను. అది సగం నిజం. గోడ మీద కూర్చుని తాళం వేసేదాన్నిగానే మిగిలిపోతానన్న కుళ్లు మిగతా సగం. ఏ సగం పెద్దదో ఇప్పటికీ తేల్చుకోలేదు. నేను చదువుకున్నాను, పంతులమ్మనయ్యాను. పొట్టేలు మాట ఎవరెత్తినా గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకున్నాను.

అక్కను మహబూబ్‌నగర్ వైపు ఇచ్చారు. మంచి సంసారమే. కానీ బతుకమ్మ దగ్గర కూడా ఆమె అడుగు వేయదు. ఊరంతా చుట్టూ తిరుగుతుంటే దూరంగా కూర్చుని అందరి పిల్లల్నీ ఒళ్లో పెట్టుకుంటుంది. "నేనాడితె తల్లికి కోపమొస్తది," అంటుంది, ఎండ కాస్తోంది అన్నంత మామూలుగా.

చెప్పేద్దామని ఎన్నిసార్లు బస్సెక్కానో! ఇప్పుడు చెబితే ఆటను తిరిగి ఇవ్వలేను, ఆమె నమ్ముకున్న తల్లిని మాత్రం లాక్కుంటాను అనుకుని, టీ తాగి వెనక్కి వచ్చేదాన్ని. ఇదీ పిరికిదాని సాకేనా? అయ్యుండొచ్చు.

పోయిన బతుకమ్మకు అక్క పక్కనే కూర్చున్నాను. ఆడవాళ్లు చప్పట్లు చరుస్తూ తిరుగుతున్నారు. అక్క ఒళ్లో పసిబిడ్డ నిద్రపోతోంది. చీర అంచు కింద ఆమె మడమ నేలను కొడుతోంది, నేను దొడ్డి గోడ మీద వేసిన అదే తాళం. నేను చూశానని తెలియగానే కాలు లోపలికి లాక్కుని, చెంపలు వేసుకుంది.

ఆ చెంపలు వేసుకోవలసింది ఆమె కాదు. ఎల్లమ్మ వద్దనలేదు. వద్దన్నది నేను.