ఒక్క నంబరు, ఏడు పొయ్యిలు

2008. ఒక పెద్ద విదేశీ ఆన్‌లైన్ దుకాణానికి హైదరాబాద్ ఆఫీసులో ఇంజనీరుగా పనిచేస్తున్నాను. మోసం చేసే అమ్మకందారులను పట్టుకునే ప్రోగ్రాములు రాయడం మా పని. అందులో ఒక రూల్ నేనే రాశాను. నకిలీ సరుకు అమ్మి పట్టుబడినవాడి చిరునామాలో ఇంకెవరి ఖాతా ఉన్నా, దాన్ని ‘లింక్డ్ అకౌంట్’ కింద లెక్కగట్టి వెంటనే మూసేయాలి. వాడే వేరే పేరుతో మళ్లీ వస్తాడని మా అనుమానం. ఆ రూల్‌కు నాకు మెచ్చుకోలు కూడా దక్కింది.

ఒక పొద్దున కంచన్‌బాగ్‌లో నన్ను ఎక్కించుకున్న ఆఫీసు క్యాబ్ డ్రైవర్ యూసుఫ్ భాయ్ ఉన్నట్టుండి అడిగాడు.

“సార్, మీ కంపెనీల మా అక్క దుకాణం బంద్ చేసిన్రు. ఏం తప్పు చేసిందో జర చూస్తరా?”

వాళ్లక్క షహనాజ్ జర్దోజీ కుట్టిన చేతిసంచులు మా సైట్‌లో విదేశాలవాళ్లకు అమ్మేది. ఆఫీసుకు వెళ్లి ఆమె ఖాతా చూశాను. మూసింది నా రూలే. ఆమె పదకొండు ఈమెయిళ్లు రాసింది. పదకొండింటికీ మెషీన్ పంపిన జవాబు ఒకటే: మా నిర్ణయం మారదు. మనిషన్నవాడు ఒక్కడూ చదవలేదు.

ఆ శనివారం శాలిబండలో వాళ్లింటికి వెళ్లాను. గేటు మీద ఒకటే నంబరు. లోపల వాకిలి చుట్టూ ఏడు తలుపులు, ఏడు కుటుంబాలు. షహనాజ్ నన్ను కూర్చోమనలేదు.

“దొంగ గడియారాలు అమ్మినోడు గా మూల అర్రల కిరాయికుండె. వాని మొఖం గూడ నేను సక్కగ చూడలే. నంబర్ ఒక్కటే గని ఈడ పొయ్యిలు ఏడున్నయ్ భయ్యా. మీ కంప్యూటర్‌కు గింత గూడ ఎర్కలేదా?”

“ఆ రూల్ రాసింది నేనేనండీ,” అన్నాను.

“అయితే ఇన్నొద్దులు నేను రాసింది మీకే అన్నట్టు. ఎందుకు సదవలే?”

ఆ రాత్రి కూర్చుని ఆమె పదకొండు ఈమెయిళ్లూ మొదటి నుంచి చదివాను.

సోమవారం మేనేజర్‌కు చెప్పాను. ఆయన స్క్రీన్ మీంచి కళ్లు తిప్పలేదు. “ఫాల్స్ పాజిటివ్. ఒకటీ అరా ఉంటాయి.” తప్పు చేయనివాళ్లు వలలో పడితే మావాళ్లు పెట్టుకున్న పేరది. ఒళ్లు మండిపోయింది. ఆయన మీద ఎంతో, నా మీద అంతకు రెట్టింపు.

ఆ వారం రివ్యూ మీటింగ్‌లో అందరి ముందూ ఆమె ఉత్తరాలు వరసగా చదవడం మొదలుపెట్టాను. ఐదోది అయ్యేసరికి మేనేజర్ “చాలు” అన్నాడు.

“ఆమెకు చాలలేదు, ఇంకో ఆరు రాసింది,” అని చదువుతూ పోయాను.

రూల్ మారింది. చిరునామా కలిసినంత మాత్రాన ఖాతా మూయకూడదు, ముందు ఒక మనిషి చూడాలి. ఆ ఏడాది నా అప్రైజల్‌లో ‘టీమ్‌తో కలిసిపోడు’ అని రాశారు. రాసుకోనీ. షహనాజ్ ఖాతా తెరిచారు గానీ, కొన్నవాళ్లు నాలుగేళ్లుగా రాసిన మంచి మాటలన్నీ అప్పటికే చెరిపేశారు. ఫోన్ చేసి చెప్పాను.

“మల్లా మొదటికెల్లి షురూ చెయ్యాల్నా? నాతోని కాదు,” అని పెట్టేసింది.

ఆనాటి నుంచి నేను రాసే ఏ డిజైన్ పత్రంలోనూ ‘ఫాల్స్ పాజిటివ్’ అని రాయను. ‘తప్పు చేయని మనిషి’ అని రాస్తాను. పైవాళ్లకు అది మింగుడుపడదు. పడకూడదనే రాస్తాను.