బురుజు కాదు, కొత్తళం

వెంకటప్పకు జ్వరమని తెలిసినప్పుడు నాకు కలిగింది జాలి కాదు, సంతోషం. అతనూ నేనూ మదనపల్లెలో ఒకే బడిలో తెలుగు అయ్యవార్లం. కోటగోడ మూలన గుండ్రంగా కట్టే బురుజుకు ఆ పేరు అరబ్బు దేశం నుంచి వచ్చిందని అతను ఒక సభలో చెప్పినప్పటి నుంచి ఊరంతా అతని భజనే. మా ఇంటావిడ కూడా "ఆయప్ప ఎంత సదివినాడో సూడు" అంది. నాకు ఒళ్లు మండిపోయింది. ఇప్పుడు కుప్పం వాళ్లు అతన్ని సభకు పిలిచారు. తన బదులు వెళ్లి, తన మాటలే చెప్పి రమ్మని నన్ను బతిమాలాడు. వెళ్లడానికి ఒప్పుకున్నాను గానీ, అతని మాటలు చెప్పే ఉద్దేశం నాకు లేదు.

ఉదయం ఆరింటికి బొగ్గు బస్సు కదిలింది. యుద్ధం రోజులు, పెట్రోలు దొరకదు. పుంగనూరుకు ముందు ఎత్తులో బండి మొరాయిస్తే అందరం దిగి తోశాం. పుంగనూరులో బస్సు మారాలి. ఈ దారిన వెళ్లేవారు అక్కడ రాగిసంగటి తిని ఎక్కడం మేలు, తర్వాత ఆకలి తీరే చోటు లేదు.

రెండో బస్సులో మునెమ్మ అనే పెద్దామె నా పక్కన కూర్చుంది. గుర్రంకొండ కోట చూసి వస్తోందట.

"కోట మూలన గుండ్రంగా ఉండేదాన్ని మీరేమంటారమ్మా?" అని అడిగాను.

"బురుజంటాము. మాయమ్మది కుప్పం పక్క, ఆయమ్మ కొత్తళం అనేది. యాలప్పా, కొనేదుండాదా?"

నిఘంటువులో చూసిన మాటే, కానీ మనిషి నోట వినడం అదే మొదలు. నాకు ప్రాణం లేచొచ్చింది. బురుజు అనే మాట వచ్చేదాకా మనవాళ్లు ఆ మూలకు పేరు పెట్టకుండా ఊరుకున్నారా? కోట, తలం కలిసి కొత్తళం అయిందని దారంతా వల్లె వేసుకున్నాను.

సాయంత్రం నాలుగింటికి కుప్పం చేరాను. సభ పెట్టిన చెంగప్ప కిరాణా వ్యాపారి. నా మెడలో దండ వేసి, "మన వెంకటప్పయ్యవారు వచ్చుండారు!" అని అందరికీ చెప్పేశాడు. నేను కాదనబోయి ఆగాను. నా వాదన తేలిపోతే నవ్వులపాలయ్యేది వెంకటప్పే కదా!

ఇక జంకు లేకుండా మాట్లాడాను. బురుజు అరువు మాట, కొత్తళం మన సొంతం అన్నాను. అక్కడ అరవం మాట్లాడేవాళ్లు "మేమూ అదే అంటాము" అంటూ లేచి చప్పట్లు కొట్టారు. చెంగప్ప కళ్లు తుడుచుకున్నాడు.

"మాయవ్వ గూడా కొత్తళమనే అనేది, ఆయమ్మ మాటను నిలబెట్టినారు. మీ పేరు మా పిల్లోళ్లు గూడా మరిసిపోరు, వెంకటప్పయ్యవారూ!"

అప్పుడు నిజం చెబితే దొంగనవుతాను. ఆ పూట వాళ్లింట్లోనే భోజనం, పడక. వడ్డించిన ప్రతిసారీ అదే పేరుతో పిలిచారు.

మర్నాడు తిరుగు ప్రయాణంలో బండి ఎక్కడా మొరాయించలేదు. కుప్పం మంచి ఊరు, మనుషులు మాటకు విలువిస్తారు, చూడదలచినవారు తప్పక వెళ్లండి. కాకపోతే సొంత పేరు ముందే చెప్పుకోండి.

మదనపల్లెలో బస్సు దిగేసరికి జ్వరం తగ్గిన వెంకటప్ప శాలువా కప్పుకుని ఎదురొచ్చాడు.

"ఎట్ల జరిగిందప్పా?"

"నీకు శానా మంచి పేరొచ్చింది" అన్నాను. అందులో ఒక్క అక్షరమైనా అబద్ధం లేకపోవడమే నా కడుపుమంట.