మేల్కొన్నవాడు మరునాడు ఏం తిన్నాడు?

మా సంఘంలో నెల మొదటి ఆదివారం ప్రభువు బల్ల జరుగుతుంది. రొట్టె ముక్కలున్న పళ్లెం బెంచీల వెంట చేతులు మారుతూ సాగుతుంది. బాప్తిస్మం పొందినవారు ఒక ముక్క తీసుకుంటారు. పొందనివారు పళ్లేన్ని పక్కవారికి అందిస్తారు. డిగ్రీ చివరి సంవత్సరానికి వచ్చినా నేను అందించేవారిలోనే ఉన్నాను. నా ఈడువారంతా ఇంటర్ ముగిసేలోపే తీసుకునేవారయ్యారు. పళ్లెం నా చేతిలో ఒక్క క్షణం ఆగి పక్కకు సాగిపోతున్నప్పుడు, నాకూ కావాలని బలంగా అనిపించేది.

అడ్డు బయటివారు పెట్టినది కాదు. బాప్తిస్మానికి ముందు ఎవరైనా సంఘం ఎదుట సాక్ష్యం చెప్పాలి: తన జీవితం మునుపు ఎలా ఉండేదో, దేవుడు ఎప్పుడు ఎదురయ్యాడో, ఆ తర్వాత ఏం మారిందో. విన్న సభ్యులు చేతులెత్తి సమ్మతి తెలపాలి. నాకు అలాంటి రోజేదీ లేదు. కానీ లేనిదాన్ని ఉన్నట్టు చెప్పగల నేర్పు నా దగ్గర పుష్కలంగా ఉంది. నన్ను వెనక్కి లాగినది ఆ నేర్పే.

ఖమ్మంలో నేను చదివిన కళాశాలలో డిబేట్ జట్టు ఉండేది. పోటీకి కాస్త ముందు చీటీ తీసేవాళ్లం. అందులో అనుకూలమని ఉంటే అనుకూలం, ప్రతికూలమని ఉంటే ప్రతికూలం. ఉరిశిక్ష ఉండాలని ఒక కళాశాలలో చప్పట్లు కొట్టించుకుని, మరో నెలలో వేరే కళాశాల వేదిక మీద అది ఉండకూడదని అంతే చప్పట్లు కొట్టించుకున్నదాన్ని. రెండుచోట్లా నా గొంతు సరైన చోటే వణికింది. ఆ వణుకును ఎక్కడ పెట్టాలో నాకు తెలుసు. అందువల్ల, అదే గొంతుతో దేవుని గురించి మాట్లాడవలసి వస్తే ఏది వణుకో, ఏది విద్యో నాకే తేలదని భయం.

ఆ ఏడాది హాస్టల్లో ఒక నవల గది గదికీ తిరిగింది. ఒక రైల్వే బుకింగ్ గుమాస్తా బదిలీ మీద ఎవరూ దిగని చిన్న స్టేషనుకు వెళతాడు. ఇంట్లో కోపిష్ఠి, ఆఫీసులో పిసినారి. ఒక తెల్లవారుజామున ఆగకుండా పోయే రైలు ఊదిన కూత విని, పట్టాల పక్కన కూలబడి ఏడుస్తాడు. ఆ పేజీ తిప్పితే అతను వేరే మనిషి. కోపం లేదు, పిసినారితనం లేదు, ముఖంలో వెలుగు. మా గదిలో అందరూ కళ్లు తుడుచుకున్నారు. నేను మాత్రం ఆ పేజీని ముందుకీ వెనక్కీ తిప్పుతూ కూర్చున్నాను.

"ఏందే, ఏం వెతుకుతున్నవ్?" అని అడిగింది పక్క మంచం మీది నేస్తం.

"మేల్కొన్నడు సరే. తెల్లారి ఏం తిన్నడు? భార్యతో మొదటి మాట ఏమన్నడు? అది రాయలే."

"నీకు టిఫిన్ ధ్యాస తప్ప ఇంకోటి లేదు. అక్కడ మనిషికి దేవుడు కనవడ్డడే!"

అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. అయితే నా ప్రశ్న హాస్యానికి వేసినది కాదు. మార్పు నిజమైతే దాని ఆనవాలు రైలు కూతలో కాదు, మర్నాటి కంచం దగ్గర దొరకాలి కదా అన్నది నా తర్కం. నవలాకారుడు సరిగ్గా అక్కడే అధ్యాయం ముగించాడు.

పరీక్షలయ్యాక అమ్మ నన్ను మేనమామ ఇంటికి పంపింది. భద్రాచలం దారిలో, టేకు చెట్లు రోడ్డును రెండువైపులా కమ్ముకునే చోట ఉంటుంది ఆ ఊరు. అమ్మ బాప్తిస్మం పొందింది అక్కడి సంఘంలోనే, కిన్నెరసాని వాగు నీళ్లలోనే. ఈస్టరుకు ముందు వారం బాప్తిస్మపు పాఠాలు జరుగుతాయనీ, వినడానికైతే అభ్యంతరమేమిటనీ అమ్మ అడిగింది. వినడానికి నాకు ఎన్నడూ అభ్యంతరం లేదు.

పాఠాలు పాస్టరు అయ్యగారి వసారాలో జరిగేవి. ఆయన ఓపికగల మనిషి. నా ప్రశ్నలకు విసుక్కోలేదు. మొదటిరోజే చెప్పారు: "సాక్ష్యం ఎట్లా చెప్పాలో తెలియాలంటే, చెప్పినవాళ్లను అడుగమ్మా. మీ అత్తనే అడుగు. ఆమె సాక్ష్యం ఇన్నేళ్లయినా సంఘం మరిచిపోలేదు."

అత్త పుట్టిల్లు వాగు అవతలి అడవిలోని కోయ పల్లె. మామ ఆ దారిన బస్సు నడిపే రోజుల్లో, సంతకు చింతపండు తెచ్చే అత్తతో పరిచయమై పెళ్లిదాకా వచ్చింది. రెండువైపులా కోపాలు రేగి, చల్లారాయి. అత్త సాక్ష్యం నేను చిన్నప్పటి నుంచీ వింటున్నదే. విడవని జ్వరం, సంఘం చేసిన ప్రార్థన, ఒక ఉదయం కళ్లు తెరిస్తే ఒళ్లు చల్లబడి ఉండటం, ఆ రోజుతో పాతవన్నీ విడిచిపెట్టడం. రైల్వే గుమాస్తా కథకూ దీనికీ నిర్మాణం ఒకటే. నాకు అనుమానం కలిగింది, నిజం చెప్పాలంటే కుతూహలం కూడా కలిగింది. మనుషులందరికీ మార్పు ఒకే అచ్చులో వస్తుందా, లేక చెప్పేటప్పుడు ఆ అచ్చులో పోసుకుంటారా?

పెరట్లో మామిడి చెట్టు గుత్తులుగా కాసి ఉంది. అత్త కాయలు కోసి, పప్పులో వేసి వండింది. దించబోతూ గరిటెతో కాస్త తీసి నా అరచేతిలో వేసింది.

"ఉప్పు సూడు కోడలా."

"సరిపోయింది."

మరునాడూ ఉప్పు చూసేందుకు నన్నే పిలిచింది. భోజనాల దగ్గర నాకూ మామకూ మామిడికాయ పప్పు వడ్డించి, తాను పచ్చిపులుసు పోసుకుంది. మూడోనాటికి నేను ఆగలేకపోయాను.

"అత్తా, మామిడికాయ నువ్వు తినవా?"

"తింటగని, ఇప్పుడే తిన."

"ఇప్పుడెందుకు తినవు?"

మామ కంచం మీంచి తలెత్తాడు. "అయిపాయె. కోర్టు మొదలువెట్టింది. నీకు జామీను గూడ దొరకది సూడు," అన్నాడు అత్తతో.

"నువ్వు తిను సప్పుడు జెయ్యక," అని అత్త నా వైపు తిరిగింది. "మా ఊర్ల ఇంక కొత్త కాలే బిడ్డ. పండుగ జేసి, ఊరంత ఒక్కనాడే మామిడికాయ ముడ్తరు. అప్పటిదాంక ఎవలు తినరు. సంతకు మా వదినె వస్తది. అయ్యిందని ఆమె చెప్పిన్నాడు తింట."

ఇన్నేళ్లూ ఇలాగే చేస్తోందట. సంఘంలో ఎవరూ అడగలేదు, ఎందుకంటే ఎదుటివారి కంచం ఎవరూ అంత పరిశీలించరు. నేను డిబేట్ అలవాటు కొద్దీ వైరుధ్యాన్ని పట్టుకున్నాను.

"మరి సాక్ష్యంలో పాతవన్నీ ఇడిసిపెట్టిన్నని చెప్తవు గద?"

అన్న మరుక్షణం మాట గట్టిగా తగిలిందేమోనని అనిపించింది. అత్త మాత్రం చెయ్యి కడుక్కుని, స్థిమితంగా గోడకు ఆనుకుని కూర్చుంది.

"అవ్, చెప్తా. అప్పట్ల పెద్దలు గట్ల చెప్పుమన్నరు, చెప్పిన. అబద్ధమైతే గాదు. జరం తగ్గింది. గని ఒక్కనాడు తగ్గలే, అది రాను రాను తగ్గింది. నీళ్లల్ల ముంచిండ్రు. లేసినంక ఏమైతదో అని సూసిన. ఏం గాలే. బట్టలు తడిసినయ్, గంతే. ఒడ్డు మీద సలికి వణుక్కుంట నిలవడ్డ."

"మరి మారింది ఎప్పుడు?"

"నాకేం ఎర్క? ఒకపారి మీ అమ్మమ్మ నన్ను నానా మాటలన్నది. నేను బియ్యం ఏరుకుంట కూసున్న. ఆమె అలిసిపోయి ఊకున్నంక యాదికొచ్చింది, అరె, నాకు కోపం రాలేదేంది అని. అంతకుముందైతే శాట ఇసిరికొడుదు. ఎప్పుడు పోయిందో ఆ కోపం, పోయేటప్పుడు నాకు చెప్పి పోలే."

"శాట ఇసిరిన రోజులు నేను జూసిన," అన్నాడు మామ. "నెత్తికి తాకింది గూడ."

"తాకాల్ననే ఇసిరిన, తాకదా మరి?"

నవ్వు ఆగాక మళ్లీ అడిగాను. ఈసారి వాదం కోసం కాదు. "మామిడికాయ తింటే పాపమనుకుంటవా అత్తా?"

"పాపమనుకుంటే మీకెట్ల వండిపెడత? ఆడ మా అన్న పిల్లలు చెట్టు కింద నిలవడి కాయలు సూసుకుంట ఆగుతరు. నేనీడ ముందుగాల తింటే, వాళ్లను ఇడిసి తిన్నట్టుంటది. ముద్ద దిగది." నన్ను సూటిగా చూసింది. "నన్ను అడుగుతున్నవ్ గని, బల్లకాడ పళ్లెమొస్తే నువ్వెందుకు ముట్టవు?"

"బాప్తిస్మం కాలేదు గద."

"కాలేదా, చేసుకోలేదా?"

డిబేట్‌లో ప్రత్యర్థి ప్రశ్నకు జవాబు తోచకపోతే ప్రశ్నను మార్చి జవాబివ్వాలని మాకు నేర్పారు. ఆ పూట నాకు ఆ ఉపాయం గుర్తుకు రాలేదు.

శనివారం సాయంత్రం అయ్యగారు ఒక్కొక్కరినీ పిలిచి సాక్ష్యం విన్నారు. నా వంతు వచ్చినప్పుడు ఆ రైలు కూత నా చెవిలో మోగుతూనే ఉంది. పట్టాలకు బదులు హాస్టల్ మేడ, కూతకు బదులు దూరాన చర్చి గంట. కాస్త వణుకు, ఒక విరామం. కావలసినవన్నీ సిద్ధంగా ఉన్నాయి.

"అయ్యగారూ, ఫలానా రోజు మారానని చెప్పడానికి నాకు ఏ రోజూ లేదండి."

ఆయన కళ్లద్దాలు తీశారు. "ఏదో ఒకటి ఉంటుందమ్మా. ప్రార్థనలో కన్నీళ్లు వచ్చిన రోజో, వాక్యం తగిలిన రోజో. వినేవాళ్లకు పట్టుకోవడానికి ఒక రోజంటూ ఉండాలి."

"కావాలంటే కల్పించగలను. బాగా కల్పించగలను. అందుకే చెప్పను."

ఆయన కళ్లద్దాలు మళ్లీ పెట్టుకున్నారు. ముఖంలో కోపం కాదు, ఇబ్బంది. "నా ఒక్కడి చేతిలో ఉంటే నిన్ను నీళ్లలోకి దింపుతాను. కానీ ఒప్పుకోవలసింది సంఘం. ఇదే మాట రేపు వాగు ఒడ్డున చెప్పు. చేతులు లేవకపోతే నేను చేయగలిగింది లేదు. మీ అమ్మ కూడా వస్తోంది, ఆలోచించుకో."

ఈస్టరు ఉదయం కిన్నెరసాని సన్నబడి ఉంది. ఒక మలుపు దగ్గర మాత్రం నడుములోతు మడుగు నిలిచింది. ఇసుక మీద టార్పాలిన్ పట్టాలు పరిచి సంఘమంతా కూర్చుంది. అమ్మ తెల్లవారగానే బస్సు దిగి వచ్చి ముందు వరుసలో ఉంది. నాకంటే ముందు చెప్పినవారికి రోజులున్నాయి, ఆనవాళ్లున్నాయి, కన్నీళ్లున్నాయి. వాటిని శంకించే హక్కు నాకు లేదు. నేను లేచి నిలబడ్డాను. వేదికల మీద చేతులు ఎక్కడ ఉంచుకోవాలో ఎప్పుడూ తెలిసిన నాకు, ఆ రోజు తెలియలేదు.

"నేను మారిన రోజు నాకు తెలియదు," అని మొదలుపెట్టాను. "మారానో లేదో కూడా నేను చెప్పలేను. నాతో ఉండేవాళ్లు చూసి చెప్పాలి. నాకు ప్రశ్నలున్నాయి. నీళ్లలోంచి లేచాక కూడా ఉంటాయనుకుంటున్నాను. కాలేజీలో చీటీలో ఏ పక్షం వస్తే ఆ పక్షాన మాట్లాడాను. ఇక్కడ చీటీ తీయలేదు. ఈ పక్షం నేను కోరుకున్నాను. ఇంతకంటే నా దగ్గర లేదు."

గొంతు వణికింది. ఎక్కడ వణికిందో నేను గమనించలేదు.

ఎవరూ స్తోత్రం అనలేదు. వెనక వరుసలో ఒక పెద్దాయన పక్కవాడితో పైకే అన్నాడు: "ఇదేం సాక్ష్యమయ్యా? అనుమానాలున్నయంటది, ముంచుమంటది!"

అయ్యగారు సంఘం వైపు తిరిగి, సమ్మతి ఉన్నవారు చేతులెత్తమన్నారు. చేతులు వెంటనే లేవలేదు. అమ్మ లేపబోయి, సొంత బిడ్డకు తాను ముందు లేపడం బాగుంటుందా అన్నట్టు అటూ ఇటూ చూసింది. అప్పుడు ఆడవాళ్ల వైపు నుంచి అత్త లేచి నిలబడింది.

"అయ్యగారూ, నా సాక్ష్యంల గూడ ఒక మాట దిద్దాలె. నా జరం ఒక్కనాడు తగ్గలే. నాకు గూడ ఆ రోజు తెల్వది. ఈ పిల్లను ముంచొద్దంటే నన్ను గూడ లెక్కలకెళ్లి తీసెయ్యాలె మరి."

ఎవరో ఫక్కున నవ్వారు. మామ "తియ్యరు తియ్," అంటూ చెయ్యి లేపాడు. అమ్మ లేపింది. ఆ తర్వాత ఇసుక మీద చేతులు ఒక్కొక్కటిగా లేచాయి. వెనక వరుస పెద్దాయన చెయ్యి లేవలేదు. ఆయన మీద నాకు ఈనాటికీ గౌరవమే. ఒప్పుకోనిదాన్ని ఒప్పుకున్నట్టు చూపలేదు ఆయన.

నీళ్లు చల్లగా ఉన్నాయి. అయ్యగారి చెయ్యి నా వీపు కింద ఉంది. మునిగినప్పుడు చెవుల్లో హోరు తప్ప ఏమీ వినపడలేదు. లేచాను. ఒడ్డు మీద చలికి వణుకుతూ నిలబడితే అత్త తువ్వాలు కప్పి, చెవి దగ్గర మెల్లగా అడిగింది: "ఏమన్న అయిందా?"

"బట్టలు తడిసినయ్."

ఇద్దరం నవ్వు ఆపుకోవడానికి చాలా కష్టపడ్డాం.

ఆ ఉదయమే చర్చిలో బల్ల జరిగింది. పళ్లెం వచ్చింది. ముక్క తీసుకున్నాను. మామూలు రొట్టె, కాస్త ఎండింది. నమిలి మింగి, పళ్లేన్ని పక్కవారికి అందించాను.

మరునాడు అత్త మళ్లీ మామిడికాయ పప్పు పెట్టింది. సంత రోజు ఇంకా రాలేదు, కబురూ రాలేదు. నేను గిన్నె పక్కకు జరిపాను.

"నేనూ ఆగుత అత్తా. కొత్త అయినంక ఇద్దరం కలిసి తిందం."

"నువ్వెందుకు? మా ఊరు నీకు తెల్వది, ఆ పిల్లల మొకాలు గూడ నువ్వు జూడలే. నన్ను జూసి ఆగుడు ఏంది? ఇంకొకళ్ల సాక్ష్యం చెప్పనంటివి, ఇంకొకళ్ల ఉపాసం ఉంటవా?" అని అన్నం మీద పప్పు వేసింది. "తిను. తిని ఉప్పు సంగతి చెప్పు."

కలుపుకుని ఒక ముద్ద తిన్నాను. రైల్వే గుమాస్తా మరునాడు ఏం తిన్నాడో నాకు ఇప్పటికీ తెలియదు. నేను మాత్రం మామిడికాయ పప్పు తిన్నాను. మార్పు ఆనవాలు కోసం ఆ ముద్దలో శ్రద్ధగానే వెతికాను.

"ఎట్లున్నది?" అని అడిగింది అత్త, తన కంచంలో పచ్చిపులుసు పోసుకుంటూ.

"ఇయ్యాల ఉప్పు తక్కువైంది అత్తా," అన్నాను.