గరగర లేని రేడియో

మా అత్తగారింట్లో బ్యాటరీలతో నడిచే పాత రేడియో ఒకటి ఉండేది. పక్క పొలంలో మోటారు వేస్తే గర్రుమనేది. పొద్దుగూకితే ఎక్కడిదో అరవం వచ్చి మన వార్తల మీదకెక్కేది. అయినా దాన్ని కాస్త ఇటు జరిపి, కాస్త అటు తిప్పితే మాట తేలి వచ్చేది. వంట చేస్తూ అలా తిప్పుకోవడం నాకు అలవాటైపోయింది.

తర్వాత మా ఆయన డిష్ పెట్టించాడు, నెలనెలా డబ్బు కట్టక్కర్లేనిది. టీవీలోనే రేడియో వచ్చేది. బాగుండేది, కాదనను. వార్తలు చదివే ఆవిడ మధ్యలో ఊపిరి తీసుకోవడం కూడా వినపడేది. కానీ వినగా వినగా ఆ గొంతులు బాగా ఎండిన మిరపకాయల్లా అనిపించాయి. రంగు ఉంది, చెమ్మ లేదు. ఆ మాటంటే, గరగర నీ చెవుల్లోనే ఉంది, దానికి మందు లేదన్నాడు మా ఆయన. వీధిలో అందరినీ పిలిచి వినిపించాడు. పక్కింటి దర్జీ వాళ్ళ రేడియోని మాత్రం పనిగట్టుకుని ఎగతాళి చేశాడు, జల్లెడలో పోసుకుని వింటున్నారా అని. వాళ్ళు నవ్వి ఊరుకున్నారు. మా అత్తగారు ఆ వారమే పాత చీరలతో కలిపి రేడియోని కూడా స్టీలు సామాన్ల వాడికిచ్చి ఒక బేసిను తీసుకుంది. నన్నెవరూ అడగలేదు.

ఆ ఏడు మేం మిరపకాయల తొడిమలు తీసే చోటికి రేడియో వాళ్ళొచ్చి, ఆడవాళ్ళ పనిపాటలు కావాలన్నారు. ఘాటుకి వాళ్ళు తుమ్ముతూ, మేం తుమ్ముతూ, ఎలాగో అయిందనిపించాం. ముందు పాడింది నేను, అందుకుంది మిగతావాళ్ళు. నా గొంతు బయటనుంచి ఎలా ఉంటుందో నేనెప్పుడూ వినలేదు. అదొక్కటీ వినాలని, పాట వేస్తామన్న రోజు కోసం కాచుకుని కూర్చున్నాను.

ఆ మధ్యాహ్నమే, వానాకాలం కాకపోయినా మబ్బు పట్టింది. మామగారు కల్లంలో కాయల మీద పట్టాలు కప్పడానికి పరిగెత్తారు. కార్యక్రమం మొదలై అనౌన్సరు మా ఊరి పేరు చెప్పింది. అంతలోనే వాన అందుకుంది, ఆవిడ గొంతు ముక్కలు ముక్కలై ఆగిపోయింది. గరగర కూడా లేదు. అసలేమీ లేదు. పాత రేడియో అయితే మెరుపు మెరిసినప్పుడల్లా చిటపటలాడేది గానీ, ఆ చిటపటల వెనక మనిషి ఉండేది.

చెప్పులైనా వేసుకోకుండా గడప దాటాను. మా ఆయన చెయ్యి పట్టుకున్నాడు.

"యాడికి?"

"పక్కింటికి. ఐదు నిమిషాలు. నా పాటయ్యా."

"ఇంట్లో డిష్ పెట్టుకుని వాళ్ళ డొక్కు రేడియో కాడికి పోతావా? నా పరువేం గాను? కూర్చో, ఇప్పుడే వచ్చిద్ది."

తువ్వాలు నెత్తినేసుకుని డాబా ఎక్కాడు. వెనకటి టీవీ యాంటెన్నాని తిప్పినట్టే డిష్‌ని పట్టుకుని తిప్పాడు. వచ్చిందా అని పైనుంచి ఆయన, రాలేదని కిందనుంచి నేను. వెంట్రుకవాసి కదిలినా ఇక రాదని బిగించినవాడు చెప్పే వెళ్ళాడు. వాన వెలిసింది, ఎండ కాసింది. మెకానిక్ వచ్చేదాకా డిష్ మాత్రం నోరు విప్పలేదు.

సాయంత్రం దర్జీ భార్య గోడ మీంచి పిలిచింది.

"అమ్మాయ్, ఆ ఉరుముల్లో కూడా నీ గొంతు పట్టేశా. చివర్లో తుమ్మావు చూడు, అది కూడా ఏశారు."

ఎలా ఉంది అక్కా నా గొంతు అనడిగాను. బాగుందమ్మా అంది. బాగుండటమంటే, సన్నగానా, బొంగురుగానా? పాపం, ఆమె మళ్ళీ బాగుందనే అంది. అది అడిగి తెలుసుకునేది కాదు మరి.

మర్నాడు కల్లంలో ఎవరో, మీ డిష్‌లో పాట ఎట్టా వచ్చిందని నన్నడిగారు. నేను నోరు తెరిచేలోపే మా ఆయన అందుకున్నాడు.

"పక్కన కూర్చుని పాడినట్టే. కాస్తైనా గరగర ఉంటే ఒట్టు."

ఆ మాట నమ్మి మా వీధిలో ఇంకో రెండు డిష్‌లు లేచాయి. ఆ ఇళ్ళవాళ్ళు కనపడినప్పుడల్లా నీ పాట అంత బాగా వచ్చిందంట కదా అని నన్ను మెచ్చుకుంటారు. పక్కన మా ఆయన ఉంటే, అవునంటూ తలూపేది ఆయనే.