ఆఖర్న మాట్లాడే మనిషి

ఇది ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. మా సెక్టర్ 4 మార్కెట్ మూల మీద సైకిల్ పంక్చర్లు వేసే దుకాణం ఉంది. సాయంత్రం అటు వెళ్ళినప్పుడల్లా చెప్పు సర్దుకుంటున్నట్టు నటిస్తూ అక్కడ కాసేపు ఆగుతాను. దుకాణం అతను ట్యూబు మీద గరుకు కాగితం రుద్ది, సొల్యూషన్ రాసి, అది ఆరేదాకా నోటితో ఊదుతాడు. ఆ ఘాటు వాసన తగలగానే, ఈ మే నెల ఉక్కపోతలో కూడా నా వేళ్ళు చలికి బిగుసుకుపోయినట్టు ఉంటుంది. కిటికీ అంచున మంచు పేరుకున్న రాతి గది, మూలన కిరోసిన్ పొయ్యి, దాని పక్కన కాళ్ళు చాపుకుని కూర్చున్న సరోజినత్త కళ్ళ ముందుకొస్తారు.

సరోజినత్త మాకు చుట్టం కాదు. ఇక్కడి ఉక్కు ప్లాంటు ఉద్యోగాల కోసం విజయనగరం, శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన కుటుంబాలు మా వీధి నిండా ఉన్నాయి. ఆవిడది మా పక్క క్వార్టర్. ప్లాంటులో సేఫ్టీ విభాగంలో చేసి రిటైరయ్యాక స్మృతి నగర్‌లో ఇల్లు తీసుకున్నారు. దాని ముందు గదిని ఆఫీసు చేసి, ఇక్కడి జనాన్ని హిమాలయాలకు తీసుకెళ్ళడం మొదలుపెట్టారు. "కొలిమి పక్కన బతికినోళ్ళకి మంచేటి అక్కా?" అని మా నాన్న నవ్వాడు. "అందుకే కదా తమ్ముడూ" అన్నారావిడ. డిగ్రీ అయ్యాక నేను ఆ ఆఫీసులోనే చేరాను. ఫోన్ మోగితే చెమట్లు పట్టే మనిషిని. పగలు అనలేని మాటలన్నీ రాత్రి డైరీలో రాసుకునేదాన్ని. టేబుల్ కింద పెట్టుకుని పుస్తకం చదువుతుంటే ఒకసారి పట్టుకున్నారు. "సదువుకో. కానీ ఫోన్ మోగితే ఎత్తు. అవతలోడు కరవడు" అన్నారు, అంతే.

ఆవిడకొక పద్ధతి ఉండేది. ఏ పనికైనా ముందు అందరినీ గుండ్రంగా నిలబెట్టి ఒక్కొక్కరినీ అడిగేవారు. కొత్తవాళ్ళు ముందు చెప్పాలి, అనుభవం ఉన్నవాళ్ళు చివర. ఒక్కరు వద్దన్నా ఆ పని ఆ రోజుకి ఆగిపోవాలి. ఎందుకని నిలదీయకూడదు. ప్లాంటులో షిఫ్టు మొదలయ్యే ముందు తన జట్టుతో అలాగే చేసేవారట. ఆఫీసులో గోడకి రంగు మార్చాలన్నా మొదట గండం నాకే. "నాకేం తెలుసత్తా?" అంటే, "తెలిసినోళ్ళని తరవాత అడుగుతాను కదేటే. ముందు నువ్వు సెప్పు. పెద్ద నోళ్ళు తెరిస్తే సిన్న నోళ్ళు మూసుకుపోతాయి" అనేవారు. నేను ఎప్పుడూ "సరే" అనేదాన్ని. "సరే"కి గొంతు పెద్దగా అక్కర్లేదు.

రెండేళ్ళ కిందట చలికాలం చివర్లో హిమాచల్ వెళ్ళాం. ఒక రాతి బస నుంచి ఇంకో బసకు మంచు మీద స్కీలతో సాగే యాత్ర. జారే స్కీలతో కొండెలా ఎక్కుతారని అందరూ అడుగుతారు. ఎక్కేటప్పుడు వాటి అడుగున పొడవాటి బొచ్చు పట్టీ అంటిస్తాం. ఆ బొచ్చు ఒకే వైపుకి వాలి ఉంటుంది కాబట్టి ముందుకు జరగనిస్తుంది, వెనక్కి జారనివ్వదు. ఆ పట్టీ జిగురుదే పంక్చర్ దుకాణం వాసన. ఆఖరి బసకు చేరాలంటే ఎత్తైన కనుమ ఒకటి దాటాలి. అంతకుముందు రెండుసార్లు సరోజినత్త దాని కిందిదాకా వెళ్ళి, వాతావరణం తిరగబడి వెనక్కి వచ్చారు. ఈసారి తిరిగి రాగానే మోకాలి ఆపరేషన్. ఆ తరవాత స్కీల మాట మరిచిపొమ్మన్నాడు డాక్టరు. ఆవిడకి ఇదే చివరి అవకాశమని మా అందరికీ తెలుసు.

కనుమ కింది బసకు చేరుకునే సాయంత్రం వరసలో చివర నేనున్నాను. ఉన్నట్టుండి నా కాళ్ళ కింద మంచు ధబ్బుమని కుంగింది, లోపల ఎక్కడో బరువైన మూత పడ్డట్టు. కొంత దూరం పోయాక మళ్ళీ అదే చప్పుడు. గాలి హోరులో ముందువాళ్ళకి వినపడలేదు. చెప్పాలనుకున్నాను, నాలిక కదల్లేదు.

తెల్లవారేసరికి మంచు కురవడం ఆగింది గానీ, మబ్బు కొండ మీద కూర్చునే ఉంది. గైడు నోర్బు భయ్యా బయట చాలాసేపు నిలబడి వచ్చాడు. "వెళ్ళొచ్చు, ఆగొచ్చు" అన్నాడు హిందీలో. నెహ్రూ నగర్‌లో టైల్స్ దుకాణం నడిపే శేఖర్ అప్పటికే బూట్లు బిగించుకున్నాడు. సరోజినత్త కూడా. మోకాలికి పట్టీ కట్టుకుని, గుండ్రంగా నిలబడ్డ మా మధ్యకొచ్చారు.

"ఏటే గుంటా, ఎల్దామా, వద్దా?"

ఆవిడ మొహం చూస్తే "సరే" అనేస్తానని తెలుసు. బూట్ల వైపే చూశాను.

"వద్దు."

ఆవిడ వంగి బూటు పట్టీలు విప్పడం మొదలుపెట్టారు. "సరే అయితే. నోర్బూ, చాయ్ పెట్టు."

ఎందుకని ఎవరూ అడగలేదు కాబట్టే నాకు చెప్పాలనిపించింది. ఆ చప్పుడు సంగతి చెప్పాను. "నిన్ననే చెప్పాలి కదా దీదీ!" అంటూ నోర్బు పార తీసుకుని బయటికి వెళ్ళాడు. మంచు తవ్వి చూసి వచ్చి, లోపల ఒక పొర గుల్లగా ఉందన్నాడు. మా బరువుకి తట్టుకోవచ్చు, తట్టుకోక వాలంతా జారిపోవచ్చు.

మధ్యాహ్నానికి మబ్బు పూర్తిగా విడిపోయింది. కనుమ గిన్నె తోమి బోర్లించినట్టు మెరిసింది. సాయంత్రం దాకా చూశాం, ఆ వాలు మీద చిన్న గడ్డ కూడా జారలేదు. "మేడమ్‌గారి భయం చూసి సూర్యుడు కూడా నవ్వుతున్నాడు యార్!" అన్నాడు శేఖర్ నా వైపు చూసి.

"నవ్వనీ శేఖరం. నీకూ ఎండ తగులుతోంది కదా, నీ సాక్సులు ఆరబెట్టుకో. గదంతా కంపు" అన్నారు సరోజినత్త.

నాకు మాత్రం ఏడుపు ఆగలేదు. "నావల్ల మీ కనుమ పోయిందత్తా."

"కనుమెక్కడికి పోద్దే? అక్కడే పడుంటాది. ఇన్నేళ్ళుగా నిన్ను ముందు అడిగింది ఈ ముక్క కోసమే. కాకపోతే, ఈసారి సాయంత్రం మాట సాయంత్రమే రావాల."

మర్నాడు మళ్ళీ గాలి లేచింది, దిగిపోయాం. దిగేటప్పుడు ఆవిడ ఒకే ఒక్కసారి ఆగి వెనక్కి చూశారు. నేను చెప్పిన "వద్దు" మమ్మల్ని కాపాడిందో, ఆవిడ కనుమని ఊరికే పోగొట్టిందో నాకు ఇప్పటికీ తెలీదు. తెలీకుండానే దాన్ని మోయడం నేర్చుకున్నాను.

మరుసటి చలికాలం జట్టుని నాకు అప్పగించారు. దారి నోర్బుది, మనుషులు నీ బాధ్యత అన్నారు. ఆ యాత్రలో ఆకాశం మాకు కలిసొచ్చింది, ఏడుగురం కనుమ దాటాం. అవతలి లోయ ఫోటో పంపితే, వేళ్ళతో పెద్దది చేసుకుని చాలాసేపు చూశారని వాళ్ళబ్బాయి చెప్పాడు. మేం తిరిగొచ్చి దుర్గ్‌లో రైలు దిగేసరికి ఆవిడ లేరు. నిద్రలోనే పోయారట.

ఇప్పుడు ఆఫీసులో కొత్తగా చేరిన పద్మని ముందు అడుగుతాను. దానికి మాట రావడానికి చాలాసేపు పడుతుంది. ఈ మధ్య నాకు నోరు పెరిగింది, మధ్యలో అందుకోకుండా ఉండటమే కష్టం. పెదాలు బిగబట్టి ఆగుతాను. ఆగిన ప్రతిసారీ దుర్గ్ స్టేషనే గుర్తొస్తుంది. జట్టుతో నేను బయల్దేరిన రోజు చేతికర్రతో ప్లాట్‌ఫాం దాకా వచ్చారు సరోజినత్త. ఉప్మా డబ్బా కిటికీలోంచి అందించారు. జాగ్రత్తలేమీ చెప్పలేదు. రైలు కదిలాక మాత్రం రెండడుగులు వెంట నడిచి, జనం తిరిగి చూసేలా కేక పెట్టారు:

"ఒలే గుంటా! ఇంక నువ్వు ఆఖర్న మాట్లాడాల!"