పచ్చికర్ర తలుపు వెనకాల పార్ట్‌నర్‌షిప్

మొన్న ఆదివారం నా తలుపే నన్ను అరెస్టు చేసింది. నవ్వకండి! ఆ టీ గ్లాసు కాస్త ఇటు పెట్టండి, ఎడం చేత్తో తాగుతాను. కుడి అరచెయ్యి చూశారా, ఎలా బొబ్బలెక్కిందో? నేనే కోసి, నేనే చిత్రిక పట్టి, నేనే బిగించిన తలుపుని లాగీ లాగీ వచ్చిన బొబ్బలివి. అంత గొప్ప పనివాణ్ణి మరి.

మొదట్నుంచీ చెప్తాను. మన భిలాయి పవర్ హౌస్ మార్కెట్ వెనకాల నా కలప అడితి, కోత మిల్లు మీకు తెలుసు కదా. ఉక్కు తయారయ్యే ఊళ్ళో చెక్క అమ్ముకునే తెలివి నాది. ఇక్కడ ఎవరింటికెళ్ళినా మంచాలు ఇనపవే, బీరువాలు ఇనపవే. మా నాన్న ప్లాంటులో పనిచేసి రిటైరైన మనిషి. అడితికి వచ్చినప్పుడల్లా ఆయనది ఒకటే మాట: "ఇనుం ఊర్లో కర్రముక్కలేట్రా నీకు?"

దానికి తోడు అడితి స్థలం ఓనరు దీపావళిలోపు ఖాళీ చెయ్యమన్నాడు. రంపం గోలకి వాళ్ళావిడకి తలనొప్పట. ఇప్పుడు మిల్లు ఎక్కడికి ఎత్తుకుపోవాలి? మా ఆవిడ పద్మ అప్పటికే వాళ్ళన్నయ్యతో మాట్లాడేసింది. వాళ్ళన్నయ్య, అంటే మా సూరిబాబు బావకి భిలాయి-3 అవతల కోళ్ళ ఫారం ఉంది. "నువ్వేటీ బెంగెట్టుకోకు బావా, మా ఫారంలో గుడ్లేరే పని ఎప్పుడూ ఉంటాది" అని ఆయన నాకు అభయమిచ్చేశాడు. ఇన్నాళ్ళు టేకు దుంగల మధ్య తిరిగినవాణ్ణి, బుట్ట పట్టుకుని కోళ్ళ వెనకాల తిరగాలన్న మాట!

సరిగ్గా అప్పుడే పక్క ఊరు దుర్గ్‌లో ఏదో సెమినారు అంటే వెళ్ళాను. వెళ్ళింది భోజనం కోసమే, అది వేరే సంగతి. భోపాల్ నుంచి వచ్చిన ఆఫీసరు గారు మైకు ముందు ఊదరగొట్టేశారు. పల్లెటూళ్ళో కలప మీద బతికే చిన్న చిన్న ఫ్యాక్టరీలన్నీ ఒకేచోట పెట్టాలట. ఒకరు పారేసింది పక్కవాళ్ళకి ముడిసరుకు కావాలట. ఏదీ వృథా పోకూడదట. దాని పేరు ఇకో-ఇండస్ట్రియల్ పార్కు. నాతో కలిసి ఇంకో ముగ్గురు సంతకం పెడితే గవర్నమెంటే రోడ్డు వేసి కరెంటు లైను లాగుతుంది. ఇంత ఉపన్యాసంలో నా చెవికెక్కింది రోడ్డు, కరెంటు. ఇంక గుడ్లు ఏరక్కర్లేదు!

ఇంటికొచ్చి చెప్తే నాన్న, "పార్కా? ఉయ్యాలలు కూడా ఉంటాయేటి?" అన్నాడు.

"ఉంటాయి మామయ్యా, ఈయన ఊగడానికి" అంది పద్మ. మా ఇంట్లో ఇండస్ట్రీకి దొరికే ప్రోత్సాహం ఇది.

సరే, పార్ట్‌నర్ల వేటలో పడ్డాను. మొదట సాహూజీని పట్టుకున్నాను. భిలాయి-3 దాటాక వచ్చే ఒక ఊరికి సర్పంచ్, ఇటుకల బట్టీ ఆయనదే, పార్కుకి కావల్సిన బంజరు కూడా ఆయన చేతుల్లోనే ఉంది. బట్టీ కాల్చడానికి ఏముంటుందని అడిగాడు. "రంపపు పొట్టు! మా మిల్లు పొట్టంతా మీకే" అన్నాను. పొంగిపోయాడు. తర్వాత కమలా దీదీ. ఆవిడ అదే ఊళ్ళో ఆడవాళ్ళందరినీ కూడగట్టి అగరబత్తీలు చేయిస్తుంది. పిండిలో కలపడానికి పొట్టు కావాలంది. "పొట్టంతా మీకే దీదీ" అన్నాను. మూడో మనిషి దొరక్క సూరిబాబు బావ కాళ్ళ మీదే పడ్డాను. కోళ్ళ కింద పరవడానికి పొట్టు కావాలన్నాడు. "మొత్తం నీకే బావా" అన్నాను.

అలా చూడకండి! మిల్లు పెద్దదైతే పొట్టు కూడా పెద్దదవుతుంది కదా, అప్పుడు చూసుకోవచ్చులే అనుకున్నాను. జాగ్రత్తలో మాత్రం లోపం లేదు. ముగ్గురినీ మూడు వేర్వేరు టీ కొట్లలో కలిశాను. ముగ్గురూ ఒకచోట చేరేది సంతకాల రోజే. లడ్డూలు పెట్టి, ఫోటో తీయించి, వాళ్ళు మాట్లాడుకునేలోపే పంపించెయ్యాలన్నది నా ప్లాను.

ఇంక ఆ తలుపున్న గది సంగతి. ఆఫీసరు గారి కళ్ళు చెదిరిపోవాలని ఆ బంజరులో కర్రతో ఒక ఆఫీసు గది కట్టాను. ఒక్క ఇనప మేకు లేదు! గడియ కర్రదే, కిటికీ ఊచలు కర్రవే, తలుపు తిరగడానికి పైనా కిందా కర్ర ముక్కలే. ఇనుం ఊరికి బుద్ధి చెప్పాలిగా. కానీ ఆఫీసరు గారు ఉన్నట్టుండి సంతకాల తారీఖు ముందుకి జరిపారు. తలుపుకి ఎండిన కలప లేదు. పచ్చి సాల కర్రే ఉంది.

నేను ప్రతి కస్టమరుకీ చెప్పే మాటేమిటి? "పచ్చికర్రతో తలుపు చేయిస్తే వానాకాలంలో మీరు లోపల, మీ అత్తగారు బయట." ఎంతమందిని నవ్వించానో ఈ మాటతో! అలాంటివాణ్ణి నడి శ్రావణంలో పచ్చికర్రతో తలుపు బిగించి, పైన వార్నిష్ కూడా కొట్టాను.

శనివారం నుంచీ ఒకటే వాన. ఆదివారం పొద్దున్న ఆఫీసరు గారి జీపు బురదలో దిగబడుతుందని డ్రైవరు దాన్ని రోడ్డు మీదే ఆపి, అద్దాలు ఎత్తుకుని పడుకున్నాడు. ఆఫీసరు గారు, సాహూజీ, దీదీ, బావ, నేను గొడుగుల్లో లోపలికి చేరాం. జల్లు లోపలికి కొడుతోంది. మా బావది భారీ శరీరం. భుజం ఆనించి తలుపుని ఒక్క తోపు తోశాడు. ధబ్! వచ్చి కూర్చుంది.

"చూశారా సాబ్ ఫిట్టింగు! గాలి కూడా దూరదు" అన్నాను గర్వంగా. నిజమే చెప్పానని తర్వాత తెలిసింది.

లడ్డూలు తిన్నారు. కాగితాలు తీశారు. మాటలన్నీ హిందీలోనే, నేను మీకు తెలుగులో చెప్తున్నాను. ఆఫీసరు గారు పెన్ను మూత తీసి, ఏదో అడగాలి కాబట్టి అడిగారు. "అయితే మిల్లులో వచ్చే పొట్టు ఎవరికి?"

"నాకే" అన్నారు ముగ్గురూ ఒక్కసారే.

ముగ్గురూ ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు. ఆ తర్వాత అందరూ కలిసి నా మొహం చూశారు.

"నేను చాయ్ చెప్పొస్తాను" అని తలుపు దగ్గరికి పరిగెత్తాను. లాగాను. కదల్లేదు. రెండు చేతులా లాగాను. పిడి ఊడి చేతికొచ్చింది. తలుపు ఉబ్బి బిగుసుకుపోయిందన్న సంగతి ఆ గదిలో ఇంకా నాకొక్కడికే తెలుసు.

"ఇలాంటి అబద్ధాలకోరుకి నా ఊరి భూమా? నేను పోతున్నా!" అని సాహూజీ తలపాగా సర్దుకుని తలుపు దాకా వెళ్ళాడు. తోశాడు, లాగాడు, తిరిగొచ్చి కూర్చున్నాడు. "నేను కూడా ఒక్క క్షణం ఉండను" అని దీదీ లేచింది. ఆవిడా తిరిగొచ్చింది. "ఏటి బావా, మా చెల్లి మొగుడివని నమ్మితే ఇలగేనా?" అని మా బావ లేచి అంత శరీరంతో లాగబోతే, పట్టుకోవడానికి పిడేది? అది నా చేతిలో ఉంది.

"ఏదైనా ఇనప ముక్కుంటే ఇవ్వండి, సందులో పెట్టి తిప్పుదాం" అన్నారు ఆఫీసరు గారు. అందరూ నా వైపు చూశారు. "ఒక్క ఇనప మేకు లేదు సాబ్" అన్నాను. పొద్దున్న ఇదే మాట ఎంత దర్జాగా చెప్పానో! గదంతా వెతికితే బావ స్కూటరు తాళంచెవి, దీదీ పిన్నీసు బయటపడ్డాయి. కిటికీలోంచి డ్రైవర్ని పిలిచాం. పైకప్పు మీద వాన చప్పుడుకి మా కేకలు మాకే వినపడలేదు.

ఇంక చేసేదేముంది? తిట్టడం మొదలుపెట్టారు. మధ్యాహ్నం దాకా తిట్టారు. తిట్టడానికి నేను ఒక్కణ్ణే కదా, కొంతసేపటికి బోరు కొట్టింది. అప్పుడు పొట్టు మీద పడ్డారు.

"అంతా నీకెందుకయ్యా?" అంది దీదీ మా బావతో. "జల్లెడలోంచి దిగే మెత్తటి పొడే నాకు కావాలి. ముతకది నేనేం చేసుకుంటాను?"

"మెత్తటిది నాకొద్దు దీదీ, కోళ్ళకి దగ్గొస్తుంది. ముతకదే కావాలి" అన్నాడు బావ.

సాహూజీ గడ్డం గోక్కున్నాడు. "కోళ్ళ కిందనుంచి తీసేసింది ఏం చేస్తారు?"

"పారేస్తాం."

"ఎండబెడితే నా బట్టీలో మండుతుంది కదయ్యా!"

అయిపోయింది! ఆ పొట్టే ముగ్గురికీ సరిపోయింది. ఆఫీసరు గారు బల్ల మీద కొట్టి, "ఇదే! సెమినార్లో నేను చెప్పింది ఇదే!" అని కేక పెట్టారు. ఆ సెమినార్లో పూరీలు తింటూ కూర్చున్న నేను కూడా, "అవును సాబ్, నేను అనుకున్నది కూడా ఇదే" అన్నాను. ఎవరూ నమ్మలేదు.

అప్పుడే కిటికీ దగ్గర పద్మ మొహం కనపడింది. భోజనం క్యారేజీలు పట్టుకుని నాన్నతో ఆటోలో వచ్చింది.

"ఏవండీ, సంతకాలయ్యాయా?"

"తలుపు రావట్లేదు."

"నేనడిగింది తలుపు గురించి కాదు."

నాన్న బయటినుంచి తలుపుని ఒకసారి తట్టి చూశాడు. వెళ్ళి ఆటోవాడి దగ్గర జాకీ రాడ్డు పట్టుకొచ్చాడు. "ఓరి రమణా, ఇటు సూడు. దీన్ని ఇనుం అంటారు" అని సందులో పెట్టి ఒక్క పోటు పొడిచాడు. తలుపు ఊడి, సరిగ్గా నా కాళ్ళ ముందు పడింది. రిటైరయ్యాక ఆయన మొహంలో అంత సంతోషం నేనెప్పుడూ చూడలేదు.

పులిహోర తిన్నాక సంతకాలు పెట్టారు. నిజంగా! నేను కూడా ఉన్నాను అందులో. పొట్టు ఇంకెవరిస్తారు మరి? నా మిల్లు నిలబడింది, గుడ్ల బుట్ట తప్పింది. ఆ క్షణంలో నాకు ఏడుపొచ్చిందంటే నమ్మండి. వెళ్ళేటప్పుడు ఆఫీసరు గారు నన్ను పక్కకి పిలిచి, భోపాల్‌లో ఆయన మీటింగు హాలుకి అలాంటి తలుపే ఒకటి కావాలన్నారు. ఏ మీటింగులోనూ పార్ట్‌నర్లు ఒప్పందం దాకా కూర్చోవడం ఆయన చూడలేదట. "కర్ర మాత్రం పచ్చిదే వెయ్యాలి" అని మరీ మరీ చెప్పారు. ఇన్నేళ్ళ పనితనానికి ఆర్డరివ్వనివాళ్ళు, చేసిన తప్పుకి ఇచ్చారు!

కాకపోతే సాహూజీ సంతకం పెట్టే ముందు అగ్రిమెంట్లో ఒక షరతు రాయించాడు. మిగతా ఇద్దరూ చప్పట్లు కొట్టారు, మా బావ మరీ గట్టిగా. "రమణ పొట్టు ఇవ్వాలి. మాట మాత్రం ఇవ్వకూడదు."

అందుకనే, ఈ టీలకి డబ్బులు నేనిస్తానని చెప్దామని నోటిదాకా వచ్చింది గానీ, ఏం చెయ్యను, సంతకం పెట్టినవాణ్ణి. మీరే ఇచ్చెయ్యండి.